పెద్దల్లుడి చెవి

ఆ ఇంటికి అల్లుళ్ళు ఇద్దరు. పేర్లు లేక కాదు, అత్తగారు ఒకణ్ణి పెద్దల్లుడనీ ఇంకొకణ్ణి చిన్నల్లుడనీ పిలవడం మొదలుపెట్టింది, ఆవిడ గొంతు ముందు పేర్లు నిలబడలేదు. ఇది పెద్దల్లుడి కథ. ఆయన్ని అడిగితే మాత్రం ఇదీ చిన్నల్లుడి కథేనంటాడు. ఆ ఇంట్లో కొన్నేళ్ళుగా ఏ కథ మొదలైనా చివరికి చిన్నల్లుడి దగ్గరికే పోయి ఆగుతోందని ఆయన ఏడుపు.

పెద్దల్లుడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. యాభైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, నిటారుగా, చొక్కా జేబులో ఎప్పుడూ ఓ టెస్టరు. ఆయన గొప్పంతా చెవిలో ఉంది. లిఫ్టు ఎక్కి రెండంతస్తులు పోయేసరికి ఏ బేరింగు అరిగిందో, ఏ బోల్టు వదులైందో చెప్పేసేవాడు. ఒకసారి అత్తగారింట్లో భోంచేసి చెయ్యి కడుక్కుంటూ, "ఈ ఫ్రిజ్జు ఎక్కువ రోజులుండదు అత్తయ్యా" అన్నాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ వారమే ఫ్రిజ్జు కన్ను మూసింది. అక్కణ్ణుంచి ఆ ఇంట్లో మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా ముందు పెద్దల్లుడి చెవికి వినిపించాల్సిందే. ఆయన తలూపితేనే అట్టపెట్టె పారేసేవాళ్ళు.

అంత చెవి ఉన్నవాడికి సంగీతం పిచ్చి పట్టడంలో వింతేం లేదు. చేతులే సహకరించలేదు. స్పానర్లు పట్టీ పట్టీ మొద్దుబారిన వేళ్ళకి ఏ వాద్యమూ లొంగలేదు. అలాంటి సమయంలో ఆయనకి కంప్యూటర్లో ఉండే వాద్యబృందం సంగతి తెలిసింది. ఎక్కడో పెద్ద హాల్లో వయొలిన్లవాళ్ళని, ఫ్లూట్లవాళ్ళని, బాకాలవాళ్ళని కూర్చోబెట్టి ఒక్కో స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, రకరకాలుగా వాయించి రికార్డు చేసి పెట్టారు. ఇంట్లో బల్ల మీద చిన్న కీబోర్డు పెట్టుకుని మీట నొక్కితే చాలు, ఆ స్వరం పలుకుతుంది. పడగ్గది మూలన బీరువా జరిపి ఆయన ఆ బల్ల వేసుకున్నాడు. భార్య ఇస్త్రీ బట్టలు తెచ్చి కీబోర్డు మీద పెట్టినప్పుడల్లా ఇంట్లో ఓ చిన్న యుద్ధం జరిగేది.

చిన్నల్లుడు ఈ కథలోకి వచ్చింది ఆ బల్ల దగ్గరే. బాత్రూం టైల్స్ అమ్మే షాపులో సేల్స్‌మన్ అతను. బొద్దుగా, నవ్వుమొహంతో, ఎవరితోనైనా రెండు నిమిషాల్లో కలిసిపోయే రకం. ఓ రోజు అక్కాచెల్లెళ్ళు బజారుకి వెళ్తే, తోడల్లుళ్ళిద్దరూ ఇంట్లో మిగిలారు. ఊసుపోక పెద్దల్లుడు ఒక ముక్క వినిపించాడు. చిన్నల్లుడు నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడు.

"ఇదంతా మీరొక్కరే వాయించారా అన్నయ్యా? నాక్కూడా నేర్పుతారా?"

అలా అడిగిన మనిషి అప్పటిదాకా ఆయన జీవితంలో లేడు. పొంగిపోయాడు. సెలవు రోజున పిలిచి, కుర్చీ వేసి, ఓపిగ్గా నేర్పాడు. కీబోర్డుకి ఎడమ పక్కన చిన్న చక్రం ఉంటుంది. దాన్ని పైకి తోస్తే వయొలిన్లు గుసగుస నుంచి హోరు దాకా లేస్తాయి. "చక్రం మీద చెయ్యి ఆగకూడదు తమ్ముడూ, ఆగితే మిషను వాయిస్తున్నట్టు తెలిసిపోతుంది" అని చెప్పాడు. వయొలిన్ల గురించే ఇంకోటి కూడా చెప్పాడు. "ఒక మీట మీంచి వేలు తీయకముందే రెండోది నొక్కు. అప్పుడే స్వరం స్వరంలోకి జారుతుంది. మధ్యలో సందు వదిలావా, అతుకు కనిపిస్తుంది." చిన్నల్లుడు బుద్ధిగా తలూపాడు. చెప్పింది చెప్పినట్టు పాటించడం అతనికి షాపులో అలవాటే.

ఏడాది తిరిగేసరికి చిన్నల్లుడి ఇంట్లోనూ ఓ బల్ల వెలిసింది. ఇక్కడే పెద్దల్లుడి కడుపులో మంట మొదలైంది.

అతనికి వాద్యాల పేర్లు కూడా సరిగ్గా రావు. ఓబోని 'ముక్కుతో మాట్లాడేది' అంటాడు. సెల్లోని 'పెద్దాయన' అంటాడు. అయినా అతను ఏదో రెండు ముక్కలు కలిపి వినిపిస్తే అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. మామగారు పేపరు పక్కన పెట్టేవాడు. "ఇంకోసారి పెట్టవయ్యా" అనేవాడు. అదే పెద్దల్లుడు నెలల తరబడి చెక్కిన ముక్క పెడితే, అందరూ మర్యాదగా చివరిదాకా కూర్చుని, "బాగుంది, కాఫీ కలపనా?" అనేవాళ్ళు. ఆయనవి తప్పుల్లేని ముక్కలు. ఇస్త్రీ చేసిన చొక్కాల్లా మడత నలగకుండా ఉండేవి. ఇంకోసారి పెట్టమని మాత్రం ఎవరూ అనలేదు. నేర్పింది నేనైతే ఏడుపొచ్చేది వాడిదానికా అని ఆయన ఉడికిపోయేవాడు. అది ఒట్టి కుళ్ళని ఆయనకీ తెలుసు. తెలిస్తే మాత్రం తగ్గుతుందా?

ఊళ్ళో సంగీత పాఠశాల ఒకటి ఉంది. దాని హాలు పైకప్పు కారి కొన్నేళ్ళుగా మూతపడి, ఎట్టకేలకు బాగుపడింది. తెరిచే రోజున అక్కడి టీచర్లూ పాత విద్యార్థులూ కలిసి కచేరీ చేస్తున్నారు. ఇంట్లో కంప్యూటర్ మీద సంగీతం కట్టుకునేవాళ్ళు ఎవరైనా పంపితే, అందులో ఒక్క ముక్క తీసుకుని నిజం వాద్యాలతో వాయిస్తామని ప్రకటించారు.

పెద్దల్లుడికి ఆ రోజు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళుగా ఆయన వయొలిన్లకి ముఖాలు లేవు. హాల్లో కుర్చీలో కూర్చుని, ఎదురుగా మనుషులు తను రాసినదాన్ని వాయిస్తుంటే వినాలి. ఒక్కసారి చాలు. ఆయన కోరిక అంతే, కానీ అదే ఆయనకి మిగిలిన కోరిక. ఉన్నవాటిలో మేలైన ముక్కకి మెరుగులు దిద్ది పంపాడు. పంపాక మనసు పెద్దదైపోయి, చిన్నల్లుడికి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

"నువ్వూ ఒకటి పంపు తమ్ముడూ. రాకపోయినా అనుభవం ఉంటుంది."

ఫలితం మరదలి ఫోన్లో వచ్చింది. "బావా, మా ఆయనది తీసుకున్నారట. అంతా మీ చలవే" అంది ఆ పిల్ల, కల్మషం లేకుండా. అంతకంటే తిట్టినా బాగుండేది. ఫోన్ పెట్టేసి, భార్య అడిగితే, "మంచిదేగా" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం ఆముదం తాగినట్టుందని ఆవిడ తర్వాత చెల్లెలితో చెప్పింది.

రెండు రోజులకి చిన్నల్లుడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. షాపునుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, ప్యాంటు మీద సిమెంటు దుమ్ము ఇంకా ఉంది.

"అన్నయ్యా, కాగితాల మీద ఎక్కించి ఎవరి వాద్యం వాళ్ళకి ఇవ్వాలట. ఇచ్చే ముందు మీరొక్కసారి వినండి. మీరు సరేనంటే ఇస్తాను, లేకపోతే ఇవ్వను."

పెద్దల్లుడు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వయొలిన్లు మెల్లగా మొదలయ్యాయి. వాటి పైకి ఫ్లూటు ఒక్కటే వచ్చింది. వచ్చి, ఇక ఆగలేదు. ఒక స్వరం ఇంకో స్వరంలోకి జారుతూ, ఎక్కుతూ, తిరుగుతూ, ముక్క సగం దాకా ఒకటే తీగలా సాగి, చివర అన్నిటికంటే ఎత్తైన స్వరం మీద నిలబడి పెరుగుతుంది. వింటూ ఆయన హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. అంత బాగుంది. అంత బాగుందన్న కోపంలోనే ఆయన చెవికి ఆ సంగతీ తెలిసిపోయింది. ఇందులో ఊపిరి పీల్చుకోవడానికి చోటు లేదు.

కంప్యూటర్లో ఉన్న ఫ్లూటుకి ఊపిరితిత్తులు ఉండవు. మీట నొక్కి పెట్టినంతసేపూ పలుకుతూనే ఉంటుంది. రేపు హాల్లో నిలబడేది మనిషి. ఆ మనిషి దాన్ని సగం కూడా లాగలేదు. ఎక్కడ పడితే అక్కడ గాలి పీలిస్తే తీగ ముక్కలు ముక్కలవుతుంది, ఆ చివరి స్వరానికి గాలే మిగలదు. తప్పు చిన్నల్లుడిదీ కాదు. సందు వదలొద్దని నేర్పింది తనే. వయొలిన్లకి చెప్పిన మాటని అతను ఫ్లూటుకీ పాటించాడు. సరిచేయడమూ పెద్ద పనేం కాదు, రెండో ఫ్లూటుకి కొంత పంచితే సరి. అదీ ఆయనకి అప్పుడే తట్టింది.

హెడ్‌ఫోన్లు తీశాడు. చిన్నల్లుడు బడిపిల్లాడిలా ముఖంలోకే చూస్తున్నాడు.

"బాగుంది" అన్నాడు పెద్దల్లుడు.

"మార్చాల్సినవి ఏమైనా?"

"ఏం లేవు. ఇచ్చెయ్."

చిన్నల్లుడు ఆయన చేతులు రెండూ పట్టుకుని, "ఇక నాకు భయం లేదు" అని వెళ్ళిపోయాడు. ఆ పూట పెద్దల్లుడు అన్నం ముందు కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఆ ఫ్లూటు వరస మనసులో నడిపించి చూసుకున్నాడు. మూడో వంతుకే ముఖం కందగడ్డైంది. భార్య కంగారుగా మంచినీళ్ళు అందించి, "గొంతుకి అడ్డంపడిందా?" అంది. లేదన్నట్టు చెయ్యూపి, ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి నచ్చలేదు.

కచేరీకి ముందురోజు మధ్యాహ్నం రిహార్సల్. అత్తగారు, అక్కాచెల్లెళ్ళు, అల్లుళ్ళు అందరూ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు. హాలంతా కొత్త సున్నం వాసన. బృందాన్ని నడిపే పెద్దాయన కర్ర ఎత్తాడు. వయొలిన్లు మొదలయ్యాయి, నిజం వయొలిన్లు, ముఖాలున్నవి. పెద్దల్లుడి ఒళ్ళు జలదరించింది. ఆ కుర్చీలో కూర్చుని వినాల్సింది తను రాసిన ముక్కని గుర్తొచ్చి, ఆ జలదరింపూ చేదైపోయింది.

ఫ్లూటు టీచరు మొదలుపెట్టింది. కొంత దూరం బాగానే వచ్చింది. తర్వాత ఎక్కడో గాలి తీసుకుంది, తీగ తెగింది. మళ్ళీ మొదటినుంచి. ఈసారి ఇంకాస్త ముందుకెళ్ళి, పై స్వరం దగ్గరికి వచ్చేసరికి ఈల కూడా కాని చప్పుడొకటి వచ్చి ఆగిపోయింది. ఆవిడ ఫ్లూటు దించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని కాసేపు ఒగర్చింది.

"ఇది నోటితో ఊదేదండీ. ఎక్కడో ఒకచోట వదలాలి కదా."

పెద్దాయన కాగితాలు తిరగేశాడు. "నిజమే. రేపే కచేరీ. ఇప్పుడు తిరగరాయడం కుదరదు. దీన్ని ఈసారికి పక్కన పెడదామేమో."

చిన్నల్లుడి నవ్వుమొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి నిలబడ్డాడు. "నాకు ఇవన్నీ తెలియవండీ, కొత్తవాణ్ణి. కానీ మా అన్నయ్య విన్నారు. ఆయన చెవికి అందని తప్పు ఉండదు. ఆయన సరేనన్నాకే ఇచ్చాను."

హాల్లో అందరూ పెద్దల్లుడి వైపు తిరిగారు. అత్తగారు ధీమాగా చూస్తోంది, ఫ్రిజ్జు సంగతి చెప్పిన అల్లుడు దీని సంగతీ చెప్తాడని. పెద్దల్లుడు గబగబా లెక్కేసుకున్నాడు. తెలుసు అంటే, తెలిసీ ఎందుకు చెప్పలేదంటారు. ఎలా సరిచేయాలో ఇక్కడే చెప్పినా అంతే, ఇంత చప్పున ఎలా తట్టిందంటారు. ఉన్నది ఒకటే దారి. ఆ దారిన పోతే ఇన్నేళ్ళ చెవీ పోతుంది.

"నాకు వినపడలేదు" అన్నాడు.

"ఏంటీ?" అంది అత్తగారు.

"ఆ తేడా నా చెవికి తెలియలేదు అత్తయ్యా. వయసైపోతోంది కదా."

రెండో ఫ్లూటు పట్టుకుని పక్కనే కూర్చున్నావిడ అప్పుడు నోరు విప్పింది. "పక్కన పెట్టడం దేనికండీ? ఇద్దరం చెరికాస్త పంచుకుంటాం. ఆవిడ ఆపేచోట నేను అందుకుంటాను." ఇద్దరూ పెన్సిల్ తీసి గుర్తులు పెట్టుకున్నారు. మూడోసారి వాయించారు. ఒక ఊపిరి అయిపోయే చోట ఇంకో ఊపిరి అందుకుంది, ఎక్కడ అందుకుందో తెలియలేదు. చివరి స్వరం పెరిగి పెరిగి హాలంతా నిండింది. కంప్యూటర్లో కంటే పదింతలు బాగుంది. పెద్దల్లుడు తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా కూర్చున్నాడు.

మర్నాడు కచేరీ అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చిన్నల్లుడు వేదిక మీదికి వెళ్ళి, "ఇది మా అన్నయ్య పెట్టిన భిక్ష" అన్నాడు. ఇంటికి వచ్చే దారిలో భార్య ఒక్క మాటే అడిగింది.

"మీకు వినపడకపోవడమేంటి?"

"చెప్పాగా, వయసు."



చెవి పోయిందన్న మాట ఆ ఇంట్లో అగ్గిలా పాకింది. అత్తగారు ఫోన్ చేసి చెవిలో చుక్కల మందు పేరు చెప్పింది. మామగారు ఆయనతో మాట్లాడేటప్పుడు గొంతు పెంచడం మొదలుపెట్టాడు. మరదలైతే ఒక్కో మాటా విడమరిచి, పెదాలు బాగా కదిపి మాట్లాడేది. కొత్తగా కొన్న వాషింగ్ మిషను ఆయనకి వినిపించకుండానే అట్టపెట్టె పారేశారు. ఆ మిషనులో డ్రమ్ము ఒక పక్కకి కొట్టుకుంటోందని ఆయనకి గుమ్మంలోనే తెలిసింది. చెప్పడానికి నోరు లేదు. దాని పైన చిన్నల్లుడి ఫోటో, చేతిలో పూలగుత్తితో, చట్రం కట్టించి పెట్టారు. దాన్ని చూస్తూ ఆ డ్రమ్ము చప్పుడు వింటూ కాఫీ తాగాడు.

ఓ సెలవు రోజు పొద్దున్నే చిన్నల్లుడు వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. "అన్నయ్యా," అన్నాడు గట్టిగా, వినపడాలని. "మీరు దిగులు పడకండి. ఇక నుంచి మీ ముక్కలు నేను చూసి పెడతాను. మీకు వినపడనివి నేను చెప్తాను. ఆ రోజు పంపారే, అది తియ్యండి."

వద్దనడానికి పెద్దల్లుడి దగ్గర సాకు లేదు. కంప్యూటర్ పెట్టాడు. చిన్నల్లుడు ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన మౌసు పట్టుకుని, ఆయనకే పాఠం మొదలుపెట్టాడు.

"ఇదుగో అన్నయ్యా, ఇది ఫ్లూటు వరస. ఇక్కడ ఈ అడ్డగీతలన్నీ స్వరాలు. వాయించేవాళ్ళు మనుషులు కాబట్టి, కొన్ని స్వరాలకోసారి చిన్న సందు ఇవ్వాలి, ఊపిరి కోసం. నాకూ ఆ రోజే తెలిసింది. మనం ఎక్కడెక్కడ ఇవ్వాలో చూద్దాం."

తెరని దగ్గరికి జరిపి చూశాడు. మొదటి వరస చివర సందు ఉంది. రెండో వరస చివరా ఉంది. పక్కకి జరిపాడు. ఓబో దగ్గర ఉంది. బాకాల దగ్గర ఉంది, వాటికి గాలి ఎక్కువ కావాలి కాబట్టి ఇంకాస్త పెద్ద సందు. వయొలిన్ల దగ్గర మాత్రం లేదు. మౌసు మీద అతని వేలు ఆగిపోయింది. ఇంకో పాత ముక్క తెరిచాడు, తను కీబోర్డు ముట్టుకోకముందుది. అందులోనూ నోటితో ఊదే ప్రతి వాద్యానికీ ఊపిరి పీల్చుకునే చోటు శుభ్రంగా ఉంది.

వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. చిన్నల్లుడు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. అడిగినప్పుడు మాత్రం గొంతు పెంచలేదు, మామూలుగా, దాదాపు గొణిగినట్టు అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?"

పెద్దల్లుడికి ప్రతి అక్షరమూ వినపడింది. నీళ్ళు నమలడానికి కూడా ఓపిక లేకపోయింది.

"నీది వాయిస్తున్నారని" అన్నాడు. "నాది వాయించట్లేదని. కుళ్ళు తమ్ముడూ. ఇంకేం లేదు."

చిన్నల్లుడు కోప్పడతాడనుకున్నాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు. అతను మౌసు వదిలి, ప్యాంటు మోకాలి మీద లేని దుమ్ము దులుపుకున్నాడు.

"మీరు బాగుందంటేనే నాకు బాగున్నట్టు లెక్క. జనం చప్పట్లు కొట్టినా మీ ముఖమే చూశాను" అన్నాడు. ఆపైన, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు, "ఇక నేను ఎవర్ని అడగాలి?" అన్నాడు.

పెద్దల్లుడు లేచి కంప్యూటర్ ఆపేశాడు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "ఆ ఫ్లూటు టీచర్ని అడుగు. బాగా తెలిసినావిడ" అన్నాడు. చిన్నల్లుడు తలూపి, చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు తిరగకముందే పెద్దల్లుడికి ఆ ఫ్లూటు టీచరు మీద కడుపు మండటం మొదలైంది.